గడ్డం లేని డికెన్స్, గడ్డమున్న డికెన్స్: పాత బొమ్మకు తేదీ కట్టే పద్ధతి

చార్లెస్ డికెన్స్ గురించి తెలుగులో ఏ వ్యాసం వచ్చినా పైన వేసే బొమ్మ చాలావరకు ఒకటే రకం. నుదుటి మీద జుట్టు పలచబడి, బుగ్గలు నున్నగా గీసి, మీసంతో కలిసిన గడ్డం మాత్రం కిందికి దిగి, కళ్ల కింద గీతలు పడ్డ పెద్దమనిషి. కింద వ్యాసమేమో ‘ఆలివర్ ట్విస్ట్’ మీద. ఆ నవల పత్రికలో మొదలైన 1837 ఫిబ్రవరిలోనే ఆయనకు 25 నిండాయి. అప్పటికి ముఖాన మీసం కూడా లేదు. ‘పిక్విక్ పేపర్స్’, ‘ఎ క్రిస్మస్ కరోల్’, ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ రాసిందీ ఆ గడ్డం లేని మనిషే. గడ్డాలాయన రాసినవి ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’, ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ లాంటివి. కాబట్టి వ్యాసానికి బొమ్మ ఎంచుకునేవాళ్లు, వికీపీడియాలో శీర్షిక రాసేవాళ్లు, పాత ఆల్బంలో ఒక కార్డు దొరికి ఇది ఎప్పటిదా అని చూసేవాళ్లు ముందు బొమ్మకు తేదీ కట్టాలి.

దానికి మూడు విషయాలు కలిపి చూడాలి: ముఖం, బొమ్మ తయారైన పద్ధతి, ఆ ఏడు ఆయన ఎక్కడ ఉండి ఏం రాస్తున్నాడన్నది. మూడూ ఒకే మాట చెబితే తేదీ దొరికినట్టే. ఒకటి అడ్డం తిరిగిందంటే చేతిలో ఉన్నది నకలైనా అయి ఉండాలి, తర్వాతెప్పుడో గీసిందైనా అయి ఉండాలి. పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. 10 రెట్ల భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, పక్కనుంచి వెలుగు వేయడానికి చిన్న టార్చి చాలు. కంప్యూటర్ ఫైల్ ఒక్కటే ఉంటే అట్ట అంచులు, వెనకవైపు కూడా కనిపించే స్కాన్ కోసం వెతకండి. ముఖం దగ్గరికి కత్తిరించిన ఫైల్‌లో సగం ఆధారం ఎగిరిపోతుంది.

ముందు ముఖం

డికెన్స్ పుట్టింది 1812 ఫిబ్రవరి 7, పోర్ట్స్‌మత్‌లో. పోయింది 1870 జూన్ 9న, కెంట్‌లోని గ్యాడ్స్ హిల్ ఇంట్లో. వయసు లెక్క తేలిక: ఏడులోంచి 1812 తీసేయండి, జనవరి బొమ్మ అయితే ఇంకొకటి తగ్గించండి.

చిన్నప్పటి బొమ్మ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. తండ్రి అప్పుల కింద మార్షల్‌సీ జైలుకు వెళ్లిన 1824లో, 12 ఏళ్ల పిల్లవాడు వారెన్ బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటిస్తున్నట్టు బొమ్మలు కనిపిస్తాయి. అవేవీ చూసి గీసినవి కావు. ఆ ఫ్యాక్టరీ సంగతి లోకానికి తెలిసిందే ఆయన పోయాక, స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర మొదటి సంపుటం 1871 చివర్లో వచ్చినప్పుడు. అంతకుముందు ఎవరికీ తెలియని దృశ్యాన్ని ఎవరూ గీయలేరు గనక, ఆ రకం బొమ్మ ఏది దొరికినా 1871 తర్వాతిదే.

చూసి గీసినవాటిలో పాతది 1830 నాటి చిన్న బొమ్మ. అత్త వరసైన జానెట్ బారో వేసింది, అప్పటికి ఆయనకు 18. రిపోర్టరుగా ఉన్న రోజుల ముఖం కావాలంటే 1835లో రోజ్ ఎమ్మా డ్రమండ్ దంతపు పలక మీద వేసిన బొమ్మ చూడాలి. అప్పుడాయన ‘మార్నింగ్ క్రానికల్’లో పని చేస్తూ, ‘బాజ్’ అనే కలంపేరుతో లండన్ వీధుల మీద స్కెచ్‌లు రాస్తున్నాడు. కాబోయే భార్య కేథరిన్ హోగార్త్‌కు నిశ్చితార్థం కానుకగా వేయించిన బొమ్మ అది. పత్రికా రచయితగా డికెన్స్ గురించి రాసేవాళ్లకు దీనికంటే తగిన బొమ్మ లేదు, వాడేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక 1839. డేనియల్ మెక్లీస్ వేసిన నూనెరంగుల చిత్రం. బల్ల దగ్గర కూర్చున్న 27 ఏళ్ల యువకుడు, నున్నగా గీసిన చుబుకం, ఒత్తైన పొడవాటి జుట్టు, మెడకు నల్లటి పట్టు. దాన్ని చూసి విలియం ఫిండెన్ ఉక్కు పలక మీద చెక్కిన ప్రతి ‘నికొలస్ నికల్బీ’ ముఖచిత్రంగా వెళ్లింది. అంతవరకూ ‘బాజ్’ ఎలా ఉంటాడో ఎరగని పాఠకులకు ముఖం తెలిసింది దానితోనే. అసలు చిత్రం లండన్ టేట్ గ్యాలరీ సేకరణలోది. పుస్తకంలోంచి చింపి అమ్మే ఫిండెన్ ప్రతులు విరివిగా దొరుకుతాయి. అమ్మేవాళ్లు దాన్ని ‘1839 ఒరిజినల్’ అంటారు. పుస్తకం మొదటి ముద్రణ అయితే మాటవరసకు నిజమే, కానీ అది మెక్లీస్ చేత్తో వేసింది కాదు.

1840లంతా నున్నటి ముఖమే. మధ్యలో 1844లో ఇటలీలో ఉన్నప్పుడు కొన్నాళ్లు మీసం పెంచాడు, తర్వాత తీసేశాడు. అందువల్ల మీసం ఒక్కటి చూసి తేదీ కట్టకూడదు. 1850ల మొదట్లో మళ్లీ మీసం, దశకం మధ్యకు వచ్చేసరికి చుబుకం మీద గడ్డం మొదలు. 1855 శీతాకాలంలో పారిస్‌లో అరీ షెఫర్ దగ్గర కూర్చున్న చిత్రం ఈ మార్పు మధ్యలోది. అది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. అందులో తన పోలిక తనకే కనిపించలేదని డికెన్స్ రాశాడు, కాబట్టి ముఖం తేల్చడానికి దాన్ని కొలబద్దగా పెట్టుకోకండి.

గడ్డానికి తేదీ కట్టడంలో గట్టి సాక్ష్యం మాత్రం విలియం పావెల్ ఫ్రిత్ వేసిన చిత్రం వెనక నడిచిన వ్యవహారం. ఫార్‌స్టర్ 1854లోనే ఫ్రిత్‌ను పురమాయించాడు. మీసం చూసి, ఇదేదో తాత్కాలికపు సరదా, తీసేశాక వేద్దాం ఆగమన్నాడు. తీయలేదు సరికదా, కింద గడ్డం కూడా వచ్చింది. ఇంకా ఆగితే ముఖం మొత్తం కప్పబడిపోతుందని భయపడి 1859 జనవరిలో కూర్చోబెట్టారు. టావిస్టాక్ హౌస్‌లోని రాతగదిలో, వెల్వెట్ కోటులో, బల్ల మీద ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ రాతప్రతితో. వయసు 46, ఫిబ్రవరి ఇంకా రాలేదు. అంటే 1854లో మీసం ఉంది, 1859కి గడ్డం స్థిరపడింది. ఈ రెండు మేకులు దిగ్గొడితే మధ్యలో వచ్చే ఏ బొమ్మనైనా దగ్గర దగ్గరగా సర్దవచ్చు. ఫ్రిత్ చిత్రం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సహాయానికి ఫ్రిత్ హర్బర్ట్ వాట్కిన్స్ తీసిన ఫొటో కూడా దగ్గర పెట్టుకున్నాడు, అందుకే ఆ ఫొటోకూ ఈ చిత్రానికీ పోలిక కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

1860ల బొమ్మల్లో గడ్డం అదే ఆకారం, మనిషి మాత్రం త్వరగా ముసలివాడవుతాడు. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు ప్రమాదంలో ఆయన బతికి బయటపడ్డాడు, పదిమంది పోయారు. ఆ తర్వాతి ఫొటోల్లో బుగ్గలు లోపలికి పోయి, ముఖాన గీతలు లోతుగా కనిపిస్తాయి. ఈ తేడా మీద అతిగా ఆధారపడకండి, ఎందుకంటే కొంత తప్పు కెమెరాది.

తయారైన పద్ధతి

ఆ కాలపు కెమెరాల్లో వాడిన, కొలోడియన్ అనే రసాయనం పూసిన గాజు పలక నీలి కాంతికే బాగా స్పందిస్తుంది. ఎరుపు, పసుపు దానికి దాదాపు నలుపు. నీలికళ్లు తెల్లబోతాయి, ఎర్రటి చర్మం, మచ్చలు, ఎండకు కమిలిన బుగ్గలు ఉన్నదానికంటే నల్లగా పడతాయి. డికెన్స్ రోజూ మైళ్లకొద్దీ నడిచే మనిషి. దానికి తోడు కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలని తల వెనక ఇనుప ఆనిక పెట్టేవారు, అందుకే ఆ బిగుసుకున్న ముఖం. కాబట్టి ఒకే ఏడాది తీసిన ఫొటో, వేసిన చిత్రం పక్కపక్కన పెడితే ఫొటోలో మనిషి పదేళ్లు పెద్దగా కనిపించవచ్చు. ఈమధ్య కంప్యూటర్‌తో రంగులద్దిన ఫొటోలు చూసి ‘కళ్లు నీలం’ అని రాయకండి. ఆ రంగు అద్దినవాళ్ల ఊహ.

పద్ధతి తేల్చే క్రమం ఇది. ముందు బొమ్మను చేత్తో అటూ ఇటూ వంచి చూడండి. ఒక కోణంలో అద్దంలా మీ ముఖం కనిపించి, ఇంకో కోణంలో బొమ్మ తేలితే అది డాగ్యురోటైప్: వెండిపూత పూసిన రాగి రేకు, గాజు కింద, చిన్న పెట్టెలో. 1839లో ప్రకటించిన ఈ పద్ధతి 1850ల మధ్యకు సన్నగిల్లింది. డికెన్స్‌ను ఈ పద్ధతిలో తీసినవాళ్లలో ఆంట్వాన్ క్లోడె, జాన్ మేయాల్ ముఖ్యులు. ఇందులో కుడి ఎడమలు తారుమారవుతాయి. కోటు గుండీలు చూడండి. మగవాళ్ల కోటులో ఎడమపక్క బట్ట పైకి వస్తుంది. బొమ్మలో కుడిపక్కది పైకి వచ్చిందంటే తిరగబడ్డ ప్రతి. నెట్‌లో కొందరు దాన్ని సరిచేసి పెడతారు, కొందరు అలాగే వదిలేస్తారు. అందుకే పాపిడి ఏ పక్కన ఉందన్నదాన్ని తేదీకి ఆధారంగా తీసుకోకూడదు. పెట్టెలోంచి రేకు బయటికి తీసి తుడిచే సాహసం అసలు చేయకండి, గుడ్డ తగిలితే బొమ్మ చెరిగిపోతుంది.

కాగితం మీద బొమ్మ అయితే భూతద్దం పెట్టండి. గీతలు కనిపిస్తే ఎన్‌గ్రేవింగ్. ఉక్కు పలక గీతలు సన్నగా, నీడ దగ్గర అడ్డదిడ్డంగా దాటుకుంటూ ఉంటాయి, చుట్టూ కాగితం మీద పలక నొక్కిన అంచు టార్చి వెలుగులో కనిపించవచ్చు. పత్రికల్లో వచ్చేది చెక్క దిమ్మె మీద చెక్కినది, అందులో నలుపు ముద్దలు, తెల్ల గీతలు ఎక్కువ. వరసలు తీరిన చుక్కలు కనిపిస్తే హాఫ్‌టోన్ అచ్చు. అది 1880ల తర్వాతి మాట, డికెన్స్ బతికున్నప్పటిది కానేరదు, వెనక ఏ తేదీ రాసి ఉన్నా సరే. చుక్కలూ గీతలూ లేకుండా కాగితపు పీచులు కనిపిస్తూ, నీడలు ఎరుపు-గోధుమ రంగులో, వెలుగు భాగాలు పసుపెక్కి ఉంటే ఆల్బ్యుమెన్ ప్రింట్, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూత పూసిన కాగితం. 1860ల డికెన్స్ ఫొటోలన్నీ దాదాపు ఇవే.

కార్డు వెనకవైపు

ఆల్బ్యుమెన్ ప్రింట్ అట్టకు అంటించి ఉంటే స్కేలు తీయండి. అట్ట సుమారు 64 × 100 మిల్లీమీటర్లు ఉంటే కార్ట్ ద విజిట్, సుమారు 108 × 165 ఉంటే క్యాబినెట్ కార్డు. మొదటిది ఇంగ్లండులో 1860 ప్రాంతంలో వెర్రిగా అమ్ముడుపోయింది. రెండోది 1866లో వచ్చింది. అంటే క్యాబినెట్ కార్డు మీద 1861 నాటి డికెన్స్ ఉంటే, కూర్చున్న ఏడు నిజమే కావచ్చు, అచ్చు మాత్రం 1866 తర్వాతిదే. పలచటి అట్ట, చదరపు మూలలు 1860లవి. మందంగా, మూలలు గుండ్రంగా కత్తిరించింది 1870లకు దగ్గర. మూలలు మాసి గుండ్రంగా అరిగినవాటిని కత్తెరతో గుండ్రం చేసినవిగా పొరబడవద్దు, అంచు మీద వేలు పెడితే తేడా తెలుస్తుంది.

తర్వాత చిరునామా. ఇక్కడ జరిగే గందరగోళం ఇద్దరు వాట్కిన్స్‌లది. హర్బర్ట్ వాట్కిన్స్ స్టూడియో 215 రీజెంట్ స్ట్రీట్‌లో. 1858లో డికెన్స్‌ను తీసింది ఇతనే. ఆ ఏడు ఏప్రిల్ 29న డికెన్స్ డబ్బు పుచ్చుకుని తన రచనలు చదివి వినిపించే సభలు మొదలుపెట్టాడు. రెండోది జాన్ అండ్ చార్లెస్ వాట్కిన్స్, 34 పార్లమెంట్ స్ట్రీట్. వీళ్లవి 1860ల మొదటి ఫొటోలు. ఉత్త ‘వాట్కిన్స్’ అని రాస్తే మూడు నాలుగేళ్లు తేడా వచ్చేస్తుంది. మేసన్ అండ్ కంపెనీ కార్డులు గ్యాడ్స్ హిల్ ఇంటి దగ్గర తీసినవి, కూతుళ్లతో కలిసి ఉన్నవీ వాటిలో కనిపిస్తాయి. 1867 చివర్లో రెండోసారి అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో తీసింది జె. గర్నీ అండ్ సన్.

అమెరికా కార్డులకు ఇంకో చక్కటి పరీక్ష ఉంది. అంతర్యుద్ధపు ఖర్చుల కోసం అక్కడ 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు 1 వరకు ఫొటోల మీద పన్ను వేశారు, కార్డు వెనక రెవెన్యూ స్టాంపు అంటించి కొట్టివేయాలి. గర్నీ ఫొటో 1867ది గనక దాని వెనక ఆ స్టాంపు ఉండే వీల్లేదు. స్టాంపు ఉన్న అమెరికన్ డికెన్స్ కార్డు అంతకుముందు లండన్‌లో తీసినదానికి నకలు. నకలు కాపీ ఫొటోకు గుర్తులు వేరే ఉన్నాయి: వెంట్రుకలు విడివిడిగా కనిపించకుండా ముద్దవడం, నలుపు-తెలుపుల తేడా పెరగడం, ఒక్కోసారి అసలు కార్డు అంచు నీడ కూడా బొమ్మలో పడడం. స్టూడియో పేరే లేని కార్డుల్లో ఎక్కువభాగం ఇలాంటివే. ప్రముఖుల బొమ్మలు ఎవరికి వాళ్లు కాపీ తీసి అమ్మేసుకున్నారు.

ఆయన పోయాక వచ్చినవి

1870 జూన్ 10న జాన్ ఎవరెట్ మిల్లే మంచం మీది డికెన్స్‌ను పెన్సిల్‌తో గీశాడు. దవడ కింది నుంచి తలకు కట్టిన కట్టు స్పష్టంగా ఉంటుంది. దీన్ని ‘నిద్రిస్తున్న డికెన్స్’ అని వేసినవాళ్లున్నారు. అది శవం ముఖం.

ల్యూక్ ఫైల్డ్స్ వేసిన ఖాళీ కుర్చీ బొమ్మ ఆ ఏడే ‘ది గ్రాఫిక్’ క్రిస్మస్ సంచికలో వచ్చింది. ఫైల్డ్స్ ఆయన ఆఖరి నవలకు బొమ్మలు వేస్తున్నవాడు, గ్యాడ్స్ హిల్‌కు వెళ్లి ఆ గది చూసి గీశాడు. గది నిజం, కుర్చీ నిజం. అయితే డికెన్స్ జూన్ 8న చివరిగా నవల రాసింది ఆ కుర్చీలో కాదు, తోటలో ఉన్న చెక్క షాలేలో, అంటే స్విస్ తరహా చిన్న ఇంట్లో. ‘నవల చివరి అక్షరం రాసిన కుర్చీ’ అని శీర్షిక పెడితే తప్పు.

అన్నిటికంటే మోసం చేసేది రాబర్ట్ విలియం బస్ వేసిన ‘డికెన్స్ కల’. కుర్చీలో కళ్లు మూసుకున్న డికెన్స్, చుట్టూ గాలిలో తేలుతున్న పాత్రలు, కొన్నిటికే రంగు, మిగతావి ఉత్త గీతలు. చూస్తే కళాకారుడు ఎదురుగా కూర్చుని వేసినట్టుంటుంది. 1875లో బస్ పోయేనాటికి అది పూర్తి కాలేదు, అందుకే ఆ గీతలు. 1836లో ‘పిక్విక్’కు బొమ్మలు వేయమని పిలిచి, వెంటనే పక్కన పెట్టిన మనిషే ఈ బస్. ఇది లండన్ 48 డౌటీ స్ట్రీట్‌లోని డికెన్స్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి చిత్రానికి రెండు తేదీలు రాయాలి: చిత్రం వేసిన ఏడు, అందులో చూపించిన వయసు.

విగ్రహాల విషయం పొట్టిది. తన పేర స్మారకాలు కట్టవద్దని డికెన్స్ విల్లులో రాశాడు. ఫిలడెల్ఫియాలోని ఎల్వెల్ విగ్రహం, పోర్ట్స్‌మత్‌లో 2014లో పెట్టినది, ఇవన్నీ పాత ఫొటోలు చూసి చేసినవే, ముఖానికి సాక్ష్యంగా పనికిరావు.

పోయి దొరికిన బొమ్మ

అసలు బొమ్మ కనపడకపోయినా తేదీ గట్టిగా కట్టవచ్చనడానికి మార్గరెట్ గిలీస్ బొమ్మ మంచి ఉదాహరణ. 1843 శరత్కాలంలో, ‘క్రిస్మస్ కరోల్’ రాస్తున్న వారాల్లోనే, 31 ఏళ్ల డికెన్స్ ఆమె దగ్గర కూర్చున్నాడు. దంతపు పలక మీద నీటిరంగులు. మరుసటి ఏడు రాయల్ అకాడమీలో పెట్టారు, దాని ఎన్‌గ్రేవింగ్ 1844లో ఒక పుస్తకంలో అచ్చయింది. తర్వాత అసలు బొమ్మ మాయమైంది. తన బొమ్మ ఎటుపోయిందో తనకే తెలియదని గిలీస్ 1886లో చెప్పింది. 2017లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో, వేలంలో అమ్మిన చిల్లర సామాన్ల పెట్టెలో, బూజుపట్టి బయటపడింది. అదే అని తేల్చడానికి ఆ పాత ఎన్‌గ్రేవింగ్ అక్కరకొచ్చింది. 2019లో డికెన్స్ మ్యూజియం 180,000 పౌండ్లకు కొనుక్కుంది. ‘కరోల్’ మీద వ్యాసానికి ఇకనుంచి వేయాల్సిన బొమ్మ ఇదే. రంగుల్లో కనిపించేది అసలు, నలుపు గీతల్లో కనిపించేది 1844 అచ్చు. రెండిటికీ ఒకే శీర్షిక పెట్టకండి.

శీర్షిక రాయడం

శీర్షికలో ఈ క్రమం పాటించండి: ఎవరు, ఎన్నో ఏట, ఎవరు వేశారు లేదా తీశారు, ఏ పద్ధతి, అసలు ఏడు, నకలైతే నకలు ఏడు, ఎక్కడుంది. ఇలా:

చార్లెస్ డికెన్స్, 27వ ఏట. డేనియల్ మెక్లీస్ నూనెరంగుల చిత్రం (1839) చూసి విలియం ఫిండెన్ చెక్కిన ఉక్కు పలక అచ్చు. ‘నికొలస్ నికల్బీ’ ముఖచిత్రం.

చార్లెస్ డికెన్స్, 55వ ఏట. జె. గర్నీ అండ్ సన్, న్యూయార్క్, 1867. ఆల్బ్యుమెన్ ప్రింట్.

ఏడు ఖాయంగా తేలనప్పుడు ‘సుమారు 1861’ అనండి, లేదా ‘1859-65 మధ్య’ అని రెండు హద్దులు ఇవ్వండి. ఫొటోలో ఉన్న తేదీకీ అట్ట మీద ఉన్న తేదీకీ తేడా వస్తే రెండూ రాయండి. ఫైల్ పేరులోనూ అదే ఏడు పెట్టండి, ‘డికెన్స్-1’, ‘డికెన్స్-కొత్తది’ అని దాచుకున్న ఫైల్ ఏడాది తిరిగేసరికి మళ్లీ ‘ఆలివర్ ట్విస్ట్’ వ్యాసం పైకి ఎక్కి కూర్చుంటుంది.